అక్కకి విడాకులు వద్దు, జైలు కేసూ వద్దు. కొట్టకుండా ఆపే దారి చట్టంలో ఉందా?

తీరంపక్షి
మా అక్క పిల్లలిద్దరినీ తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. బావ కొట్టడం కొత్త కాదట, ఇన్నేళ్లూ మాకు చెప్పలేదంతే. ఈసారి చెవి మీద కొట్టాడు, వాపు ఇంకా తగ్గలేదు. వాళ్ల కాపురం హైదరాబాద్‌లో, మేం ఉండేది కాకినాడ దగ్గర. ఇల్లు మామగారి పేరు మీద ఉంది. "ఇది మా ఇల్లు, నీకు హక్కు లేదు" అని అత్తగారు తాళం వేసేశారు. నగలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ లోపలే.

ఇక్కడ స్టేషన్‌కి వెళ్తే "జరిగింది హైదరాబాద్‌లో కదా, అక్కడే ఇవ్వండి" అన్నారు. పెద్దమనుషులు సర్దుకుపొమ్మంటున్నారు. అక్కేమో విడాకులు వద్దంటోంది, ఆయన్ని జైల్లో పెట్టించడమూ వద్దంటోంది. కొట్టకూడదు, పిల్లల ఖర్చు ఇవ్వాలి, తన వస్తువులు తనకి రావాలి, అంతే. ఇలా అడగడానికి చట్టంలో దారి ఉందా? కేసంటే భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింస మీద వేసే క్రిమినల్ కేసు, ఆ 498ఏ ఒక్కటేనా? పెద్ద లాయర్‌ని పెట్టుకునే స్తోమత మాకు లేదు.

ఎర్రమట్టిదారి
498ఏ పెట్టండి. స్టేషన్‌కి పిలిస్తే గానీ దారికి రారు ఇలాంటివాళ్లు. మెత్తగా మాట్లాడితే ఇంకా నెత్తికెక్కుతారు.

మామిడిపూత
కేసు సంగతి తర్వాత. ముందు చెవి చూపించారా? వాపు తగ్గకపోతే కర్ణభేరికి దెబ్బ తగిలి ఉండొచ్చు. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. "బాత్రూమ్‌లో జారిపడ్డాను" అని మాత్రం చెప్పనివ్వకండి. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అన్నది డాక్టర్‌తో చెప్తే మెడికో లీగల్ కేసుగా రాసుకుంటారు. రేపు కోర్టులో ఆ కాగితమే మాట్లాడుతుంది.

కోర్టుమెట్లు
జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీ అక్క అడుగుతున్నవన్నీ గృహహింస చట్టంలో ఉన్నాయి. 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. కోర్టుల్లో డీవీసీ అంటాం. దీనికింద విడాకులు అడగక్కర్లేదు. భర్తని అరెస్ట్ చేయమని అడిగే కేసు కూడా కాదు. మేజిస్ట్రేట్ దగ్గర 12వ సెక్షన్ కింద పిటిషన్ వేసి ఏం కావాలో అడగాలి. కొట్టకూడదు, బెదిరించకూడదు, ఆమె ఉన్న చోటికి రాకూడదు అంటూ రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. ఇంట్లో ఉండే హక్కు, లేదా అదే స్థాయిలో వేరే ఇల్లు, లేదా అద్దె అడగొచ్చు. భార్యకీ పిల్లలకీ నెలనెలా ఖర్చు, వైద్యం ఖర్చు, తాత్కాలికంగా పిల్లల కస్టడీ, పడిన బాధకి పరిహారం కూడా. నగలు, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించమని 19వ సెక్షన్‌లోనే అడగొచ్చు. వీటిలో ఏవి కావాలంటే అవి ఒకే పిటిషన్‌లో.

చోటు గురించి. 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊరి కోర్టులోనూ వేయొచ్చు. అంటే మీ ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడే. హైదరాబాద్ తిరగక్కర్లేదు.

హింస అంటే దెబ్బలే కాదు. బూతులు తిట్టడం, పుట్టింటివాళ్లని అవమానించడం, ఇష్టం లేకుండా శారీరకంగా బలవంతపెట్టడం, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకి డబ్బులివ్వకపోవడం, నగలు తాకట్టు పెట్టేయడం, ఇంట్లోంచి గెంటేయడం, ఇవన్నీ 3వ సెక్షన్‌లోకి వస్తాయి. మీరు రాసిన నాలుగు వాక్యాల్లోనే మూడు రకాల హింస కనిపిస్తోంది.

ఎర్రమట్టిదారి
అరెస్ట్ లేని ఆర్డర్‌కి విలువేముంది లాయర్ గారూ? కాగితం చింపి పారేస్తాడు.

కోర్టుమెట్లు
రక్షణ ఉత్తర్వు వచ్చాక దాన్ని ఉల్లంఘిస్తే అదే నేరం. ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది నాన్‌బెయిలబుల్. ఇలా కేసు పగ్గాలు ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటాయి.

498ఏ వద్దని నేను అనడం లేదు. 2024 జులై 1 తర్వాత జరిగిన వాటికి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది, శిక్ష మూడేళ్ల దాకా ఉంది. కానీ "పెట్టగానే లోపలేస్తారు" అన్న రోజులు పోయాయి. ఏడేళ్ల లోపు శిక్షపడే కేసుల్లో అవసరం ఏమిటో రాయకుండా అరెస్ట్ చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలావరకు నోటీసు ఇచ్చి పిలుస్తారు. పైగా అది ఆయనకి శిక్ష వేయించే కేసు. నెల ఖర్చుగానీ, ఇంటి తాళంగానీ ఆ కేసులో రావు. రెండూ కావాలంటే రెండూ వేసుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు.

తీరంపక్షి
చెవి చూపించాం మామిడిపూత గారూ, ఈఎన్‌టీకి రాశారు, కాగితం భద్రంగా పెట్టాం. మీ మాట వినకపోతే అక్క నిజంగానే జారిపడ్డానని చెప్పేది.

లాయర్ గారూ, ఇల్లు మామగారి పేరు మీద ఉంది కదా. బావకి అందులో వాటా కూడా రాసివ్వలేదు. అప్పుడు కూడా ఇంటి హక్కు అడగొచ్చా?

పెన్నాతీరం
రాదు. అత్తమామల సొంత ఇల్లు అయితే కోడలికి హక్కు లేదని సుప్రీంకోర్టే చెప్పింది. మా బంధువుల కేసులో అలాగే కొట్టేశారు.

కోర్టుమెట్లు
మీరు చెప్పింది బాత్రా కేసు, పాతది. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ అహుజా కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరైంది కాదంది. ఇల్లు ఎవరి పేరు మీద ఉందన్నది ముఖ్యం కాదు. కోడలిగా ఆ ఇంట్లో స్థిరంగా కాపురం చేసిందా అన్నది చూస్తారు. చేసి ఉంటే అది ఉమ్మడి నివాసం కిందకి వస్తుంది. అయితే ఇది ఉండే హక్కు, ఆస్తిలో వాటా కాదు. మీ బంధువుల కేసు 2020కి ముందుది అయి ఉంటుంది.

పెన్నాతీరం
అవును, అంతకు ముందుదే. కొత్త తీర్పు సంగతి నాకు తెలియదు, మంచిది.

దక్కన్‌గాలి
అయినా ఆ ఇంటికే తిరిగి వెళ్లాలా అండీ? అత్తగారే తాళం వేసిన ఇంట్లో కోర్టు ఆర్డర్ పట్టుకుని ఎలా బతుకుతుంది? నాకైతే అద్దె అడగడమే మేలనిపిస్తోంది.

మామిడిపూత
నేనూ అదే రాద్దామనుకున్నాను. నా కేసులో వేరే ఇంటికి అద్దె, పిల్లాడి ఫీజు అడిగాను. ఆర్డర్ వచ్చింది. హక్కు ఉంది కదా అని అక్కడే ఉండి తీరాలని లేదు. అక్క మనసులో ఏముందో అడగండి, మీ ఇంట్లోవాళ్ల పౌరుషం కోసం ఆమెని ఆ ఇంటికి పంపకండి.

లాయర్ ఖర్చు గురించి అడిగారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. నాకు ఉద్యోగం ఉన్నా ఇచ్చారు. ఒక తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ జిరాక్స్ చాలు. ఫోన్‌లో కనుక్కోవాలంటే 15100.

నిప్పుకణిక
ఉచిత లాయర్లు శ్రద్ధగా చేయరు, వాయిదాకి రారు. నాకు తెలిసినవాళ్లకి అలాగే అయింది.

మామిడిపూత
నాకు వచ్చిన మేడమ్ రెండుసార్లు రాలేదు, మార్చమని అర్జీ పెడితే మార్చారు. డబ్బులిచ్చి పెట్టుకున్న లాయర్లు రాని కేసులూ అదే హాల్లో కూర్చుని చూశాను.

కొండపల్లిబొమ్మ
60 రోజుల్లో తేలిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మా చెల్లి కేసు ఏడాది దాటింది, ఇంకా సాక్ష్యాల దగ్గరే ఉంది. ఒకసారి సమన్లు అందలేదు, ఒకసారి జడ్జి గారు సెలవు, ఒకసారి అవతలి లాయర్ టైమ్ అడిగాడు. బస్సు ఛార్జీలకే సగం ప్రాణం పోయింది.

కోర్టుమెట్లు
నిజమే. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలని, 60 రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ముగిసే కేసులు తక్కువ. అందుకే నేను ప్రతి పిటిషన్‌తో పాటు 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడుగుతాను. అసలు కేసు ఎప్పుడు తేలినా, ఈలోగా కొట్టకుండా, ఖర్చులకి డబ్బు వచ్చేలా ఉత్తర్వు ఇవ్వొచ్చు. ప్రమాదం ఉందని అఫిడవిట్‌లో చూపిస్తే అవతలివాళ్లు రాకముందే కూడా ఇవ్వొచ్చు. మీ చెల్లి కేసులో మధ్యంతరం వేశారో లేదో కనుక్కోండి. వేయకపోతే ఇప్పుడైనా వేయొచ్చు.

ఇంకొకటి. 2020 నవంబర్‌లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పులు అఫిడవిట్‌లో రాసివ్వాలంది. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలంది. కాబట్టి వాయిదాలు సాగదీసినంత మాత్రాన అవతలివాళ్లకి ఆ నెలల డబ్బు మిగలదు. ఉద్యోగస్తుడైతే జీతంలోంచే నేరుగా ఆమెకి కట్టమని యజమానికి ఆదేశం ఇవ్వొచ్చు.

కొండపల్లిబొమ్మ
మధ్యంతరం వేయలేదు. ఇప్పుడే చెల్లికి ఫోన్ చేశా. ఇన్నాళ్లూ ఈ మాట మాకెవరూ చెప్పలేదు, కడుపు మండిపోతోంది.

తాటిముంజ
పెద్దమనుషుల పంచాయితీలో కాఫీలు మనవి, కుర్చీలు మనవి, తీర్పు మాత్రం అవతలివాళ్లది. మా వీధిలో ఎన్నోసార్లు చూశాం.

దక్కన్‌గాలి
కాఫీలతో పోతే పర్లేదు. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, అది చూసుకోండి. "ఇకపై ఎలాంటి కేసులూ వేయను" అని రాయించుకున్నారు మా పిన్నితో.

కోర్టుమెట్లు
అలాంటి కాగితంతో చట్టం ఇచ్చిన హక్కు పోదు. పిన్ని గారు ఇప్పుడైనా వేయొచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ మాత్రం వేరు, అది కోర్టు తీర్పుతో సమానం, దానిమీద అప్పీల్ ఉండదు. అక్కడ సంతకం పెట్టేముందు ప్రతి వాక్యం చదివించుకోండి. నెలకి ఎంత, ఏ తేదీకి, కట్టకపోతే ఏమిటి, అన్నీ అందులో ఉండాలి. "భార్యాభర్తలు అన్యోన్యంగా ఉండవలెను" అని రాస్తే అమలు చేయించడానికి ఏమీ ఉండదు.

పాతరేడియో
ఆడవాళ్లకే చట్టాలన్నీ. నన్ను నా భార్య కొడుతుంది. చేతికి కుట్లు కూడా పడ్డాయి. ఎక్కడికెళ్లాలి? చెప్తే నవ్వుతారు. ఈ కేసుల్లో సగం అబద్ధాలే అని కూడా నా అభిప్రాయం.

ఎర్రమట్టిదారి
ఇక్కడ ఒకామె చెవి వాచి కూర్చుంటే మీరు అబద్ధాల లెక్కలు తీస్తున్నారా?

కోర్టుమెట్లు
ఆయన్ని తిట్టకండి, చేతికి కుట్లు పడ్డాయంటున్నారు. పాతరేడియో గారూ, గృహహింస చట్టం కింద భర్త పిటిషన్ వేయలేడు, అది నిజం. కానీ కొట్టడం ఎవరు చేసినా నేరమే. గాయపరచడం, బెదిరించడం కింద న్యాయ సంహితలో ఫిర్యాదు చేయొచ్చు. కుట్లు వేసినప్పటి ఆసుపత్రి కాగితాలు తీసుకోండి. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం కారణంగా విడాకులు అడిగే హక్కు భార్యాభర్తలిద్దరికీ ఉంది. వెంటనే ప్రమాదం ఉంటే 112కి ఫోన్ చేయండి. నవ్వే మనుషుల కోసం దెబ్బలు తినకండి.

పాతరేడియో
థాంక్స్ అండీ. సగం అబద్ధాలు అన్నది కోపంలో రాశాను, వదిలేయండి.

మామిడిపూత
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఒక అంకె ఉంది. హింస ఎదుర్కొన్న ఆడవాళ్లలో సాయం అడిగినవాళ్లు 14 శాతమే. మిగతావాళ్లలో చాలామంది ఎవరికీ చెప్పనుకూడా లేదు. తీరంపక్షి వాళ్ల అక్క ఇన్నేళ్లు చెప్పలేదన్నది చదివితే అదే గుర్తొచ్చింది.

నానమ్మగుమ్మం
మధ్యలో వస్తున్నా. మా పక్కింటి ముసలావిడని కొడుకు తాగొచ్చి కొడతాడు, పెన్షన్ లాక్కుంటాడు. ఆవిడ తరఫున మేం ఏమైనా చేయొచ్చా? గృహహింస అంటే భార్యకే అనుకున్నాం.

కోర్టుమెట్లు
తల్లి, అక్కచెల్లెలు, కూతురు, వితంతువైన కోడలు, పెళ్లి తరహా సహజీవనంలో ఉన్న స్త్రీ, అందరూ వేయొచ్చు. ఒకే ఇంట్లో కలిసి బతికిన సంబంధం ఉంటే చాలు. ఎవరిమీద వేయాలన్నదాంట్లో కూడా 2016లో మార్పు వచ్చింది. అంతకుముందు "వయోజన పురుషుడు" అని ఉండేది, సుప్రీంకోర్టు ఆ మాటలు కొట్టేసింది. ఇప్పుడు అత్తగారిమీదా ఆడపడుచుమీదా కూడా వేయొచ్చు.

ఆవిడ తరఫున మీరు కూడా పిటిషన్ వేయొచ్చు, 12వ సెక్షన్‌లోనే ఆ వీలుంది. రక్షణ అధికారికి సమాచారం ఇచ్చినా చాలు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లమీద కేసు ఉండదని 4వ సెక్షన్ చెప్తోంది. ఇది కాక 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

పెన్నాతీరం
ఆగండి, ఆ 2007 చట్టమే తీరంపక్షి మామగారు కూడా వాడొచ్చు కదా? "నేను సీనియర్ సిటిజన్, నా ఇంట్లోంచి కోడల్ని ఖాళీ చేయించండి" అని.

కోర్టుమెట్లు
మంచి ప్రశ్న. అలా చాలామంది చేశారు. 2020 డిసెంబర్‌లో ఎస్. వనిత కేసు దీనిమీదే వచ్చింది. వృద్ధుల చట్టాన్ని అడ్డుపెట్టుకుని గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కుని తీసేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. రెండు చట్టాలనీ కలిపి చదవాలంది. నిజంగా వేధింపులు పడుతున్న అత్తమామల హక్కు దానివల్ల పోదు. ఎవరిది కష్టం, ఎవరిది ఎత్తుగడ అన్నది వాస్తవాలు చూసి తేల్చాలి.

తీరంపక్షి
చదువుతుంటేనే కొంచెం ధైర్యం వస్తోంది. రక్షణ అధికారి అంటే ఎవరు, ఎక్కడుంటారు? ముందు వాళ్ల దగ్గరికా, కోర్టుకా?

సఖిదీపం
సఖి సెంటర్లో పనిచేశాను, నేను చెప్తాను. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసుకి వెళ్లి గృహహింస విభాగం అని అడగండి. రక్షణ అధికారి ఆమె చెప్పింది విని డీఐఆర్ అనే రిపోర్ట్ రాసి మేజిస్ట్రేట్‌కి పంపుతారు. నేరుగా లాయర్ ద్వారా వేసుకున్నా తప్పులేదు, డీఐఆర్ లేదని పిటిషన్ తిప్పి పంపకూడదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. నా సలహా మాత్రం ముందు డీఐఆర్ రాయించమనే. తేదీలు, దెబ్బలు, వస్తువుల జాబితా అన్నీ ఒకచోట పడతాయి. చెప్పేటప్పుడు "ఎప్పుడూ కొడతాడు" అని కాకుండా ఫలానా పండగ ముందు, పాప జ్వరంతో ఉన్నప్పుడు, ఇలా గుర్తుపట్టేలా చెప్పమనండి. తేదీ తెలియకపోయినా పర్లేదు.

181కి ఫోన్ చేస్తే దగ్గర్లోని సఖి సెంటర్‌కి కలుపుతారు. అక్కడ వైద్యం, పోలీసు సాయం, లాయర్ సలహా, కౌన్సెలింగ్, ఐదు రోజుల దాకా బస ఉంటాయి. రాత్రి వేళ పిల్లలతో రోడ్డుమీద నిలబడ్డవాళ్లకి ఆ ఐదు రోజులు ఎంత పెద్దవో చూశాను.

ఫోన్ సంగతి కూడా. అక్క ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆపండి. గూగుల్ అకౌంట్, బ్యాంక్ యాప్ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఆ అకౌంట్ బావగారి ఫోన్‌లో కూడా లాగిన్ అయి ఉంటే ఆమె ఎవరితో మాట్లాడుతోందో, ఏ లాయర్‌ని కలిసిందో అన్నీ తెలిసిపోతాయి. మెసేజ్‌లు, కాల్ రికార్డింగ్‌లు చెరిపేయకండి. అసలు ఫోన్ అలాగే ఉండాలి, స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే అవతలి లాయర్ గొడవ చేస్తాడు.

కోర్టుమెట్లు
సఖిదీపం గారు రాసింది అక్షరాలా పాటించండి. పోలీసుల గురించి ఒక ముక్క. "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. ఎక్కడైనా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. పైగా అత్తింటి హింస భరించలేక పుట్టింటికి వచ్చిన స్త్రీ అక్కడే 498ఏ ఫిర్యాదు ఇవ్వొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో చెప్పారు. మీ అక్క ఇప్పుడు వద్దంటోంది, సరే. రేపు మనసు మారితే ఈ తలుపు మూసి లేదని తెలిసి ఉండాలి.

తీరంపక్షి
పిల్లల బడి సంగతి కూడా బెంగగా ఉంది. టీసీ తండ్రి వస్తేనే ఇస్తామంటున్నారు అక్కడి స్కూల్‌వాళ్లు.

దక్కన్‌గాలి
ఎనిమిదో తరగతి లోపేనా? విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూడండి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిగానీ, ఎయిడెడ్ బడిగానీ చేర్చుకోకుండా ఉండకూడదు. నేను టీచర్‌ని, మా బడిలో ఇలాగే ఇద్దరిని చేర్చుకున్నాం. రేపే తీసుకెళ్లి కూర్చోబెట్టండి, కాగితాలు తర్వాత వస్తాయి.

తీరంపక్షి
అప్‌డేట్. పిల్లలు బడిలో చేరారు. రక్షణ అధికారి అక్క చెప్పిందంతా ఓపిగ్గా రాసుకున్నారు. న్యాయ సేవాధికార సంస్థ నుంచి లాయర్ మేడమ్ వచ్చారు. మధ్యంతరంతో కలిపి పిటిషన్ వేశాం, వాయిదా వచ్చే వారం. అక్క ఇల్లు అడగలేదు, అద్దె అడిగింది. బావ ఫోన్ చేసి "కేసు తీసేస్తే వచ్చి తీసుకెళ్తా" అంటున్నాడు.

వాయిదా రోజు బావ ఎదురుపడతాడని అక్కకి టెన్షన్‌గా ఉంది. పిల్లల్ని కూడా తీసుకెళ్లాలా?

ఎర్రమట్టిదారి
ఆ ఫోన్లకి అక్క జవాబివ్వొద్దు. నేను మొదట్లో 498ఏ అన్నాను గానీ, మీ అక్క ఎంచుకున్న దారి చూస్తే ఆమెకి ఏం కావాలో ఆమెకే బాగా తెలుసనిపిస్తోంది.

కోర్టుమెట్లు
పిల్లల్ని తీసుకెళ్లక్కర్లేదు, జడ్జి గారు పిలిస్తే అప్పుడు చూద్దాం. అందరి ముందూ మాట్లాడలేనంటే 16వ సెక్షన్ కింద విడిగా విచారించమని మేడమ్‌తో అడిగించండి. కాస్త ముందే వెళ్లి మేడమ్ పక్కన కూర్చోమనండి, వరండాలో మాట్లాడదాం రమ్మంటే వెళ్లొద్దు. "కేసు తీసేస్తే" అన్న ఆ ఫోన్ రికార్డ్ అయి ఉంటే మేడమ్‌కి వినిపించండి. ఉత్తర్వు వస్తే కాపీ ఉచితంగా ఇస్తారు, సంబంధిత స్టేషన్‌కి కూడా ఒకటి వెళ్తుంది. మీ ఊరి స్టేషన్‌కి ఇంకో కాపీ మీరే ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి.